శ్రీశైలం నడిచినవాళ్లు కేదారం ఎక్కే ముందు



ఉగాది దగ్గర పడిందంటే మన రాయచూరు జిల్లా దారుల్లో ఏం కనిపిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. భుజాన సంచి, చేతిలో కర్ర, నోట మల్లయ్య పేరు. కన్నడం మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు, రెండూ కలిపి మాట్లాడేవారు అందరూ ఒకే వరుసలో నడుస్తుంటారు. కర్నూలు, ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర నల్లమల అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరుకుంటారు. చెప్పులు లేకుండా నడిచేవారు ఉన్నారు. ప్రతి ఏడూ తప్పకుండా వెళ్లేవారు ఉన్నారు.

అలాంటివారిలో చాలామంది ఈమధ్య ఉత్తరాదికి కూడా ప్రయాణం కడుతున్నారు. కేదారనాథ్, బదరీనాథ్, అమరనాథ్, ఓపికా డబ్బూ ఉంటే కైలాస మానససరోవరం. బయలుదేరే ముందు వాళ్లు అనే మాట ఒకటే: "శ్రీశైలం అంత దూరం నడిచినవాళ్లం, కేదారం 16 కిలోమీటర్లు ఒక లెక్కా?"

ఈ మాట గురించే ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం ఈ మాటే మా బావగారు అన్నారు, నేనూ అవునన్నాను.

మా బావగారిది మాన్వి తాలూకా. వరి రైతు. అప్పటికి అరవై నిండాయి. శ్రీశైలానికి పదకొండుసార్లు కాలినడకన వెళ్లి వచ్చిన మనిషి. పొలం గట్టు మీద ఆయనతో సమానంగా నడవాలంటే నాకు పరుగు తప్పదు. మేము ఆరుగురం కలిసి మే నెలలో బయలుదేరాం. గౌరీకుండ్ నుంచి తెల్లవారుజామున నడక మొదలుపెడితే, అందరికంటే ముందు కేదారనాథ్ చేరింది ఆయనే. మేము ఆయాసపడుతూ వెళ్లేసరికి రాతి మీద కూర్చుని మమ్మల్ని చూసి నవ్వారు. రాత్రికి మాత్రం అన్నం వద్దన్నారు. తల పగిలిపోతోందన్నారు. రెండుసార్లు వాంతి అయింది. నేను కంగారు పడితే, "ఏం కాదప్పా, పైత్యం చేసింది. రైల్లో తిన్న తిండి పడలేదు, అంతే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నిమ్మకాయ వాసన చూపించాను.

తెల్లవారి లేచి నాలుగడుగులు వేసేసరికి ఆయన అడుగు తడబడింది, కల్లు తాగినవాడిలాగా. అప్పుడు భయం వేసి అక్కడి వైద్య శిబిరానికి తీసుకువెళ్లాం. ఆ డాక్టరు చేసిన మొదటి పరీక్ష నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేల మీద ఒక గీత చూపించి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా ఆ గీత మీద నడవమన్నాడు. పదకొండుసార్లు శ్రీశైలం నడిచిన మనిషి నాలుగడుగులు తిన్నగా వేయలేకపోయారు. డాక్టరు వెంటనే ఆక్సిజన్ పెట్టి, "ఇప్పుడే కిందికి దింపండి. దర్శనం తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. గుడి అక్కడే కనిపిస్తోంది. బావగారు చేతులెత్తి మొక్కారు, కళ్లవెంట నీళ్లు. డోలీ మాట్లాడి దింపేశాం. సాయంత్రం గౌరీకుండ్ చేరేసరికి ఆయన లేచి కూర్చుని, "రొట్టె ఏమన్నా దొరుకుతుందా?" అని అడిగారు. మందుల పని అంతా ఆ దిగుడే చేసింది.

ఇది పైత్యం కాదని, దీనికి వేరే పేరుందని నేను ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్నది మీకు చెబుతాను.

రాయచూరు పత్తి మార్కెట్ మీరందరూ చూసినదే. పెద్ద పత్తి కుప్ప పోసి ఉందనుకోండి. అడుగున ఉన్న పత్తి పై బరువుకు అణిగి గట్టిగా ఉంటుంది. పైన ఉన్నది వదులుగా, తేలికగా ఉంటుంది. అదే తట్టతో అడుగు నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి తీసి తూకం వేయండి. తట్ట నిండినట్టే కనిపిస్తుంది కాని, పై తట్ట తూగదు. గాలి కూడా అంతే. భూమి చుట్టూ అదొక కుప్ప. మనం దాని అడుగున బతుకుతున్నాం. పైకి పోయిన కొద్దీ గాలి వదులవుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా నూటికి 21 వంతులే, అది మారదు. మారేది తూకం. మన ఒక్క ఊపిరి ఒక తట్ట అనుకుంటే, కొండ మీద ఆ తట్టలో సరుకు తక్కువ.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1648లోనే ఫ్రాన్సులో పాస్కల్ అనే శాస్త్రవేత్త తన బావ చేత పాదరసపు గొట్టాన్ని కొండ మీదికి మోయించి, పైకి పోయిన కొద్దీ పాదరసం దిగుతుందని రుజువు చేశాడు. ఆ పని కూడా బావకే పడింది, చూడండి.

ఇక లెక్కలు. మన రాయచూరు సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీశైలం కూడా ఐదు వందల మీటర్లకు లోపే. అంటే నల్లమలలో ఎంత ఎక్కి దిగినా, మనం పుట్టి పెరిగిన గాలిలోనే తిరుగుతున్నాం. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అడుగుల్లో 11,700 దాటి. అక్కడి గాలి తూకం సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. 5,500 మీటర్ల దగ్గర సగం. ఎవరెస్టు శిఖరం మీద మూడో వంతు. కేదారనాథ్‌లో మామూలు గిన్నెలో మన సోనా మసూరి బియ్యం పెడితే ఎంతసేపటికీ సరిగా ఉడకదు. నీళ్లు మరుగుతూనే ఉంటాయి కాని, ఆ మరుగు 88 డిగ్రీల దగ్గరే. గాలి ఒత్తిడి లేక నీళ్లు తొందరగా పొంగిపోతాయి. కుక్కర్ ఉంటే తప్ప మెతుకు మెత్తబడదు.

మన ఒళ్లు ఈ లోటును సర్దుకోగలదు. కాని దానికి వ్యవధి కావాలి. పైకి వెళ్లిన నిమిషాల్లోనే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది. మూత్రపిండాలు రక్తంలో క్షారాన్ని తగ్గించి ఆ వేగపు ఊపిరికి దారి ఇవ్వడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈ సర్దుబాటు కంటే మనం ముందు పరుగెత్తితే ఒళ్లు తిరగబడుతుంది. సుమారు 2,500 మీటర్లు దాటిన తర్వాత ఎవరికైనా ఇది రావచ్చు. సాధారణంగా చేరిన 6 గంటల తర్వాత మొదలై, ఒక రోజు లోపల బయటపడుతుంది. అందుకే మా బావగారు ఎక్కుతున్నప్పుడు బాగానే ఉన్నారు, రాత్రికి పడిపోయారు.

"బలమైనవాళ్లకు రాదు కదా?" అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మన సైన్యమే చెప్పింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, మైదానాల్లో ఉన్న జవాన్లను ఉన్నపళంగా ఎత్తు కొండలకు తరలించవలసి వచ్చింది. తుపాకి దెబ్బ తగలకుండానే చాలామంది పడిపోయారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవాన్లను పరిశీలించి, 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో ఆ వివరాలు ప్రకటించారు. ప్రపంచమంతా కొండజబ్బు గురించి చదువుకున్న ముఖ్యమైన పరిశోధనల్లో అదొకటి. ఆ జవాన్లు ముసలివాళ్లు కారు, రోగిష్ఠులు కారు. ఏరి తీసిన ఆరోగ్యవంతులు.

ఆ తర్వాత సైన్యం ఒక లెక్క పెట్టుకుంది. 9 వేల నుంచి 12 వేల అడుగుల మధ్యకు వెళ్లే జవాను అక్కడ 6 రోజులు ఆగాలి. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత కొద్ది కొద్దిగా నడక, ఆ తర్వాతే ఎక్కడం. 15 వేల అడుగుల దాకా పోవాలంటే మరో 4 రోజులు, ఆ పైకి మరో 4 రోజులు. కేదారనాథ్ ఈ లెక్కలో మొదటి మెట్టు లోపలే ఉంది. ఇరవై ఐదేళ్ల జవానుకు ఆరు రోజులు ఇచ్చే చోట, అరవై ఏళ్ల మన పెద్దలకు మనం ఒక్క పగలు ఇస్తున్నాం.

దారి తీరు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రాయచూరులో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి ఋషికేశ్ వెళ్తాం. రెండు మూడు రోజుల ప్రయాణం అయింది, హిమాలయం పాదాల దగ్గరికి వచ్చాం అనుకుంటాం. కాని ఋషికేశ్ ఎత్తు మన రాయచూరు కంటే కాస్త తక్కువే. అక్కడి నుంచి బస్సులో గుప్తకాశి, 1,300 మీటర్లు. గౌరీకుండ్, సుమారు 2,000 మీటర్లు. ఇంతవరకు ఒంటికి పెద్దగా తెలియదు. మర్నాడు ఒక్క పగటిలో 1,600 మీటర్లు ఎక్కి అక్కడే పడుకుంటాం. పర్వతారోహకులు పాటించే నియమం ఏమిటంటే, 3,000 మీటర్లు దాటిన తర్వాత ఈ రాత్రి పడుకున్న చోటికి రేపు రాత్రి పడుకునే చోటు 500 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తు వెళ్లినా, రాత్రి దిగి పడుకుంటే మేలు.

పెద్దలు పెట్టిన యమునోత్రి, గంగోత్రి, కేదారం, బదరి అనే వరుసలో నాకు ఒక సౌకర్యం కనిపిస్తుంది. ఆ వరుసలో వెళ్లేవారికి కేదారం రాకముందే ఎత్తు ప్రదేశాల్లో రెండు మూడు రాత్రులు గడుస్తాయి. ఒంటికి కొంత అలవాటు పడుతుంది. సెలవు లేదని నేరుగా కేదారానికి పరుగెత్తేవారికి ఆ వీలు లేదు.

హెలికాప్టర్ సంగతి కూడా చెప్పాలి. "అమ్మకు ఆయాసం, నడవలేదు, హెలికాప్టర్‌లో తీసుకుపోతాం" అని చాలామంది అంటారు. కాళ్ల నొప్పులకైతే అది మంచి ఉపాయమే. ఆయాసానికి మాత్రం కాదు. నడిచేవాడికి కనీసం ఏడెనిమిది గంటల వ్యవధి దొరుకుతుంది, హెలికాప్టర్‌లో నిమిషాలే. దర్శనం చేసుకుని కొద్ది గంటల్లో తిరిగి దిగిపోతే చాలామందికి ఇబ్బంది ఉండదు. పైన రాత్రి ఆగితేనే చిక్కు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరు మాట వినే కదలాలి. 2022లో చార్‌ధామ్ దారులు తెరిచిన తొలి నెలలోనే చనిపోయిన యాత్రికుల సంఖ్య వంద దాటింది. వారిలో ఎక్కువమంది గుండె ఆగి పోయినవారే.

ఇప్పుడు గుర్తులు. దయచేసి ఇది శ్రద్ధగా వినండి.

తలనొప్పి మొదటిది. దానితో పాటు అన్నం సయించకపోవడం, వాంతులు, తల తిరగడం, నీరసం, నిద్ర పట్టకపోవడం. వీటిలో ఏదీ మనకు కొత్తది కాదు, అందుకే మోసపోతాం. మన ఇళ్లలో ప్రతిదానికీ ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. పైత్యమంటాం, నీళ్లు పడలేదంటాం, ప్రయాణం బడలిక అంటాం, మరీ అయితే దిష్టి అంటాం. ఎత్తు కొండ మీద ఈ పేర్లన్నీ పక్కన పెట్టండి. పైకి వెళ్లిన తర్వాత తల నొప్పి వస్తే, వేరే కారణం తేలేదాకా అది కొండజబ్బే. అంతకంటే పైకి ఒక్క అడుగు వేయకండి. ఉన్నచోటే ఆగండి. ఒక రోజులో తగ్గితే సరే. తగ్గకపోతే దిగండి.

ఇక రెండు గుర్తులు కనిపిస్తే ఆగడం కూడా లేదు, వెంటనే దిగడమే. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో కళ్లె, అందులో గులాబీ రంగు కనిపిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అర్థం. అడుగు తడబడటం, పొంతన లేని మాటలు, మగత ఉంటే మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీస్తాయి. తెల్లవారనిద్దాం, దర్శనం కానిద్దాం అని చూడకూడదు. రోగిని ఒంటరిగా పంపకూడదు. ఆక్సిజన్, మందులు దొరికితే పెట్టాలి. అవి దొరికాయి కదా అని దిగడం మానకూడదు.

కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన వేలి ఆక్సీమీటరు తీసుకుపోతే మంచిదే. కాని ఇంట్లో 97, 98 చూపించేది అక్కడ 90 దగ్గర, ఇంకా కిందికి కూడా చూపిస్తుంది. ఆ అంకె చూసి బెదరకండి, అంకె బాగుందని గుర్తులను లెక్కచేయకుండానూ ఉండకండి. కర్పూరం మూటకట్టి వాసన చూడమని దారిలో చెబుతారు. ముక్కు తెరిపిగా ఉన్నట్టు అనిపిస్తుంది తప్ప, దాంతో ఆక్సిజన్ రాదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ముచ్చట.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఒకటి ఉంది, డయామాక్స్ అనే పేరుతో దొరుకుతుంది. ఎక్కడానికి ముందు రోజు నుంచి వేసుకుంటే ఒళ్లు అలవాటు పడటం తొందరవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివారు జాగ్రత్త. ఇది డాక్టరు రాసి ఇచ్చాకే వాడవలసిన మాత్ర, పక్కవాడు ఇచ్చాడని మింగేది కాదు. నిద్ర మాత్రలు, మద్యం అసలే వద్దు, రెండూ రాత్రిపూట ఊపిరిని మందగింపజేస్తాయి. బి.పి., షుగరు మందులు మానకండి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని పెట్టెలో పెట్టి గడ్డ కట్టనివ్వకుండా ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టుకోవాలి. గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

మన కోట గుట్ట రోజూ ఎక్కి దిగితే లాభం లేదా అంటే, ఉంది. రెండు మూడు నెలల ముందు నుంచి ఎక్కండి. మోకాళ్లకు, గుండెకు మంచిది. కొత్త బూట్లు కొన్నవారు ఆ గుట్ట మీదే వాటిని పాతబరచండి. కాని ఆ అభ్యాసం కొండజబ్బును ఆపదు. పైపెచ్చు బలం ఉన్నవాడు వేగంగా ఎక్కేస్తాడు, మా బావగారిలాగా.

తెలుగువాళ్లలో ఈ ఓపిక తెలిసినవాళ్లు ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న పిల్లలు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లదాఖ్‌లో శిక్షణ పొందారు. ఎవరెస్టు యాత్ర 52 రోజులు పట్టింది. అన్ని రోజులూ పైకి నడిచారనుకోకండి. అలాంటి యాత్రల్లో ఎక్కువ కాలం కొంత ఎక్కడం, దిగి పడుకోవడం, మళ్లీ ఎక్కడం, ఆగడంలోనే గడుస్తుంది.

ఒంటికి ఎత్తు అలవాటైనా వాతావరణం మన చేతిలో ఉండదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మేటి. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ తుఫానులో చిక్కుకుని మరణించాడు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదారనాథ్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. 2024 జూలై 31 రాత్రి కుండపోత వానకు అదే దారి తెగిపోయి, వేలమందిని తరలించవలసి వచ్చింది. కనుక జూలై, ఆగస్టు వానల్లో వద్దు. మే, జూన్‌లలో కూడా చీకటితో బయలుదేరి, మధ్యాహ్నానికల్లా బస చేరండి. మన దగ్గర 40 డిగ్రీల ఎండలో రైలెక్కి, నాలుగైదు రోజుల్లో గడ్డకట్టే చలిలో దిగుతాం. నూలు పంచె చెమటకు తడిస్తే అక్కడ ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. లోపల పొడిగా ఉండే బట్ట, మధ్యన ఉన్ని, పైన వాన కోటు, ఇలా పొరలుగా వేసుకోండి.

అమరనాథ్ గుహ 3,888 మీటర్లు. పహల్గాం దారిలో మధ్యలో 4,200 మీటర్లు దాటే కనుమ ఉంది. అందుకే అక్కడ డాక్టరు ధ్రువపత్రం లేనిదే పేరు నమోదు చేయరు. 13 ఏళ్ల లోపువారిని, 70 దాటినవారిని అనుమతించరు. కైలాస మానససరోవర యాత్ర 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైంది. పరిక్రమలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటి ఉంటుంది. లిపులేఖ్ దారిలో వెళ్లేవారిని గుంజి దగ్గర ఆపి మళ్లీ వైద్య పరీక్ష చేసి, అప్పుడే పైకి వదులుతారు. అక్కడ వెనక్కి పంపారని బాధపడేవారిని చూశాను. ఆ డాక్టరు మీద కోపం పెట్టుకోకండి.

మా బావగారు మరుసటి ఏడు మళ్లీ బయలుదేరారు. మా అక్క ససేమిరా అంది. డాక్టరుకు చూపించి, మాత్ర రాయించుకుని, నన్ను తోడు పెడితేనే ఒప్పుకుంది. ఈసారి ముందు గంగోత్రికి వెళ్లి రెండు రాత్రులు ఉన్నాం. గౌరీకుండ్‌లో ఒక రాత్రి, దారి మధ్యన లించౌలిలో ఒక రాత్రి ఆగాం. "ఇంత మెల్లగానా? జనం నవ్వుతారప్పా" అని ఆయన దారి పొడుగునా సణుగుతూనే ఉన్నారు. మూడేళ్ల పిల్లాడిని ఎత్తుకున్న ఒక తల్లి కూడా మమ్మల్ని దాటి పోయింది. మర్నాడు ఉదయం దర్శనం అయింది. పైన ఆగకుండా అదే రోజు దిగి వచ్చాం. రాత్రి ఆయన నాలుగు రొట్టెలు తిని, ఇంకోటి అడిగారు.